చెరగని పలక

మన బడులలోని రాతిపలకకు ఒక గుణము కలదు. బాలుడు కూడికలో తప్పినచో ఉపాధ్యాయుడు చూచును, మందలించును, తుడిపించి మరల వ్రాయించును. మరునాటికి ఆ తప్పు ఎవరికిని జ్ఞాపకముండదు. నేడు బాలుర చేతులకు వచ్చుచున్న క్రొత్త పలకకు ఈ గుణము లేదు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము తన పాఠశాలలలోని 8వ తరగతి వారికి ట్యాబులు పంచిన సంగతి పాఠకులెరుగుదురు. తెరపై చదువు పల్లెలకు వింతగాని దినములు వచ్చినవి. విద్యార్థి చెప్పిన జవాబునుబట్టి వానికి తగిన ప్రశ్నను తామే ఏరి యిచ్చు యంత్రములును వచ్చినవి. ఇందు మేలు లేదని మేమనజాలము. ఢిల్లీలో జరిగి 2019లో ప్రకటితమైన యొక పరిశోధనయందు 6వ తరగతి బాలురు గణితమున సగటున రెండున్నర తరగతులు వెనుకబడి యున్నట్లును, ఇట్టి యంత్రసాహాయ్యము పొందినవారు నాలుగున్నర నెలలలోనే లెక్కలయందును హిందీయందును తోటివారిని మించినట్లును తేలినది. అయితే అచ్చట దినమునకు 90 నిమిషములలో సగమే యంత్రముకడ. తక్కిన సగము పదిపదునైదుగురు పిల్లలతో కూర్చున్న బోధకుని కడ. ఈ రెండవ సగమును అధికారులు మరచుట సులభము. దానికి జీతమీయవలెను గదా!

యంత్రమునకు బిడ్డ లోపము తెలియుట యెట్లు? ప్రతి జవాబును, ప్రతి తడబాటును, ఆలోచనకు పట్టిన ప్రతి క్షణమును వ్రాసికొనుటవలననే. మేలును కీడును ఒకే వేరునుండి మొలచుచున్నవి. కరోనా కాలమున 49 దేశముల ప్రభుత్వములు సిఫారసు చేసిన విద్యాసాధనములను హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ పరీక్షించి, పదింట దాదాపు తొమ్మిది బాలుర హక్కులకు భంగమో ప్రమాదమో తెచ్చునట్లు సమాచారమును వాడుకొన్నవని 2022లో ప్రకటించినది.

2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము 18 ఏండ్లు నిండనివారి నడవడిని కనిపెట్టుటను నిషేధించినది. 2025 నాటి నియమములు బోధనావసరములకై విద్యాసంస్థలకు మినహాయింపు నొసగినవి. మినహాయింపు న్యాయమే, కనిపెట్టక యంత్రము బోధింపజాలదు. కాని బోధన ముగిసిన పిమ్మట? తలిదండ్రుల సమ్మతి యుండును గదా యందురు. కూలికి పోవు తల్లి బడిలో చూపిన చోట వ్రేలిముద్ర వేసినచో దానిని సమ్మతి యనుటకు మాకు నోరాడదు. వలదన్నచో ఆమె బిడ్డకు వేరు చదువేది? పదియేండ్ల ప్రాయమున భిన్నములు రాక తికమకపడిన పిల్ల రేపు ఉద్యోగమునకో అప్పునకో పోయినప్పుడు, ఆ తికమక లెక్క ఎవరి పెట్టెలోనో దాగి యుండనేల?

కావున ప్రభుత్వములు కంపెనీలతో ఒడంబడిక వ్రాసికొనునపుడే షరతులు చేర్చవలెను. యంత్రము వ్రాసికొన్నదంతయు ఉపాధ్యాయునికిని తలిదండ్రులకును తెలుగులో చూపవలెను. ఏటి తుదిని తప్పుల జాబితాను తుడిచివేయవలెను. క్రొత్త గురువునకు బిడ్డ యే మెట్టుపై నున్నదో చెప్పిన చాలును. ట్యాబుల పంపిణీ సభలో పూలదండలు వేయుటకు ముందే, ఆ ఒడంబడిక కాగితమును చదివి వినిపింపుమని గ్రామస్థులు అడుగవచ్చును.