మారిషస్ విహారము – మరచిన రేవు

డిసెంబరు మాసము ప్రవేశించినతోడనే హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములలోని కలిగిన కుటుంబములకు నొక క్రొత్త యాత్రాకాలము ప్రవేశించుచున్నది. పిల్లలకు క్రిస్మసు సెలవులు. పెద్దలకు సంవత్సరాంతపు విరామము. పూర్వ మీ దినములలో తాతగారి యూరికి పోయిన పిల్లలు నేడు విమానమెక్కి ద్వీపములకు పోవుచున్నారు. అట్టి ద్వీపములలో మారిషస్ ఒకటి. బొంబాయిలో విమానమెక్కినవారు ఇంచుమించు ఆరుగంటలలో నచట దిగుదురు. నీలిసముద్రము, తెల్లని యిసుక, పగడపు దిబ్బల చాటున నిశ్చలముగా నిలిచిన నీరు, డిసెంబరు ఎండలో నెఱ్ఱగా పూచిన తురాయిచెట్లు – ఇవి యన్నియు నిజమే, అందమైనవే. ఒక వారముండి, ఫొటోలు తీసికొని, తిరిగివచ్చి, “మారిషస్ చూచివచ్చితిమి” అని బంధువులతో చెప్పుకొనుచున్నారు.

ఏమి చూచివచ్చిరి? ఈ ప్రశ్నయే నేడు మేమడుగదలచినది.

మేము విహారమునకు విరోధులము కాము. ఏడాది పొడుగునను పనిచేసిన తండ్రికి, ఇల్లును ఉద్యోగమును రెండును మోసిన తల్లికి, పరీక్షల క్రింద నలిగిన బిడ్డలకు నాలుగు దినములు సముద్రపు గాలి దొరకుట తప్పని యెవరనగలరు? క్రిస్మసు పరాయి పండుగ యని యీసడించుటయు మా యుద్దేశము కాదు. కృష్ణా, గుంటూరు మండలములలో ఆ పండుగ ఎన్నో తెలుగు ఇండ్లలో తరతరములుగా జరుగుచున్నది. మారిషస్ ప్రజలలో సుమారు మూడవవంతు క్రైస్తవులు. అది వారి సొంత పండుగ. మా యాక్షేపణ వేఱు. ఏ ద్వీపపు మట్టిలో తెలుగు కూలి చెమట కలిసియున్నదో ఆ ద్వీపమునకే పోయి, ఆ సంగతి అడుగకయే, తెలిసికొనకయే తిరిగివచ్చుచున్న తెలుగు కుటుంబములను గూర్చియే మా యాక్షేపణ.

కథ కోరంగిలో మొదలైనది. కాకినాడ యొద్ద మడ అడవులను చూడబోవు నేటివారికి కోరంగి యొక పల్లె. ఒకప్పుడది ఓడలు కట్టిన రేవు. దూరదేశపు ఓడలు వచ్చి నిలిచిన రేవు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను దానిని ధ్వంసము చేసినది. అంతకు కొన్ని సంవత్సరములు ముందే, 1832–33లో, నందన కరువు గుంటూరు సీమను శ్మశానము చేసినది. గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్ట పని ఆరంభమైనది 1847లో. అంతకు పూర్వము వరద యొక యేడు, అనావృష్టి యొక యేడు డెల్టా రైతును దోచుచుండెను. వీనిపైన కుంపిణీవారి శిస్తు భారము. తినుటకు గింజలేని వానికి మేస్త్రీ వచ్చి, “సముద్రమునకావల పని యున్నది, నెలకు జీత మున్నది” అని చెప్పినచో ఏమి చేయును? గంజాము, విశాఖపట్టణము, రాజమహేంద్రవరము ప్రాంతముల పేదలు ఓడలెక్కిరి. మొదట కోరంగి నుండియు, పిదప చెన్నపట్టణము నుండియు పోయిరి. ఓడయెక్కిన రేవు పేరే వారికి జాతిపేరైనది. బర్మాలో వలెనే మారిషస్‌లోను తెలుగువారిని “కోరంగీలు” అనిరి.

ఆవలి తీరమున వారికై ఎదురుచూచుచున్న దెవరు? 1810లో ఆంగ్లేయులు ఆ ద్వీపమును ఫ్రెంచివారి నుండి గెలుచుకొనిరి. చెరకుతోటలు మాత్రము ఫ్రెంచి దొరల చేతిలోనే నిలిచినవి. ఆఫ్రికా నుండియు మడగాస్కరు నుండియు తెచ్చిన బానిసలచేత ఆ తోటలు పనిచేయించుకొనుచుండిరి. 1835 ఫిబ్రవరి 1వ తేదీన బానిసత్వము రద్దయ్యెను. బానిసలకు స్వేచ్ఛ వచ్చినది. దొరలకు నష్టపరిహారము వచ్చినది. తోటకు మాత్రము కూలి కావలసివచ్చినది. అందులకే 1834 నవంబరు 2వ తేదీన ‘అట్లాస్’ అను ఓడ కలకత్తా నుండి 36 మంది కూలీలను తెచ్చి పోర్ట్ లూయిస్ రేవున దింపినది. అది మొదలు 1920 వఱకు దాదాపు అయిదు లక్షలమంది భారతీయులు ఆ రేవున దిగిరి.

వారి యొడంబడిక అయిదేండ్లకు. జీతము నెలకు అయిదు రూపాయలు. ఒకదినము పనికి రాకున్న రెండు దినముల జీతము కోత. ఒడంబడిక తీరినవాడు సైతము చీటి చేతలేక రోడ్డుపై నడచినచో తిరుగుబోతని పట్టి చెరబెట్టుట 1867నాటి చట్టము. ఇది బానిసత్వము కాదని కాగితములు చెప్పినవి; కాదని నమ్మినవారు కాగితము వ్రాసినవారు మాత్రమే. 1871లో తొమ్మిదివేల పైచిలుకు పాత కూలీలు, అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను న్యాయబుద్ధిగల తెల్లవాని సాయముతో, తమ గోడు వ్రాసి మనవి పెట్టుకొనిరి. దానిపై విచారణకు రాజకీయ సంఘము 1872లో దిగివచ్చినది. చదువురాని కూలివాడు సామ్రాజ్యమును విచారణకు రప్పించిన కథ యిది. మన పిల్లలకు దీనిని చెప్పువా రెందరు?

ఇంతటి చరిత్రకు గురుతు ఏమైన నున్నదా యందురా? ఉన్నది. పోర్ట్ లూయిస్ నగరమున, రేవునకు ఆనుకొని, 1849లో కట్టిన ఆప్రవాసీ ఘాట్ యున్నది. ఓడ దిగినవారు ఎక్కివచ్చిన 16 రాతిమెట్లు నేటికిని నిలిచియున్నవి. ఆసుపత్రి గదులు, కూలీలు వేచియున్న పాకల ఆనవాళ్లు కలవు. 2006లో యునెస్కోవారు దానిని ప్రపంచ వారసత్వస్థలముగా నంగీకరించిరి. ఆ ద్వీపమున మోకా అనుచోట 1970లో మన ప్రభుత్వమును ఆ ప్రభుత్వమును కలిసి నెలకొల్పిన మహాత్మాగాంధీ విద్యాసంస్థలో, వలసవచ్చిన కూలీల పట్టీలు భద్రముగా నున్నవి. పేరు, ఊరు, ఓడ, సంఖ్య అందు వ్రాయబడియున్నవి. మునిమనుమలు వచ్చి తమ పెద్దల పేర్లు వెదకుకొనుచున్నారు. తండ్రి యొంటిపేరును గుమాస్తా తనకు వినబడినట్లు వ్రాసికొనగా అదియే తరతరముల యింటిపేరై నిలిచినది. నేడు హోటలులో మన కుటుంబమునకు భోజనము వడ్డించు యువకుని రొమ్ముపై బిళ్లలో ‘అప్పడు’ అనియో ‘వెంకటసామి’ అనియో పేరుండవచ్చును. ఆ పేరు చదివి, “మీ పెద్దలు ఏ యూరివారు నాయనా?” అని యడిగిన తెలుగువా రెందరు?

అచటి తెలుగువారు తమ తెలుగును నిలుపుకొనిన తీరు విన్నచో మనము సిగ్గుపడవలెను. వారి యింటిమాట చాలవఱకు క్రియోలు. అయినను పాఠశాలలో తెలుగు చదువుచున్నారు. దీపము చుట్టును తిరుగుచు రామభజన చేయుచున్నారు. సింహాద్రి అప్పన్నను కొలుచుచున్నారు. ఉగాది ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభ జరిగినది ఆ ద్వీపముననే. నూటయేబది సంవత్సరములు దాటినను, మాతృదేశపు గాలి సోకకున్నను, వారు అక్షరము విడువలేదు. మన నగరములలోనో? వేలకు వేలు రుసుము చెల్లించి చదివించుచున్న బిడ్డ వీధిలోని తెలుగు బోర్డును కూడబలుకుకొని చదువుచున్నాడు. తల్లిదండ్రులు దానిని ముద్దుగా చెప్పుకొని నవ్వుచున్నారు. ఈ బిడ్డను ఆ ద్వీపమునకు తీసికొనిపోయి, ఆ పిల్లలు తెలుగు చదువు బడిని చూపింపక, హోటలు కొలనులో మాత్రము ఈదింపించి తెచ్చినచో ప్రయోజన మేమి?

విహారయాత్రలు అమ్మువారు ఈ ద్వీపమును మనకు మనుష్యులు లేని ద్వీపముగా అమ్ముచున్నారు. వారి పత్రములలో నీరు కలదు, ఇసుక కలదు, క్రిస్మసు రాత్రి విందు కలదు. మండువేసవిలో దూదిగడ్డము పెట్టుకొని చెమటలు కార్చు క్రిస్మసు తాత కూడ కలడు. లేనివాడు ద్వీపవాసి యొక్కడే. ఆ తీరభూమి చాలవఱకు ప్రభుత్వపు సొత్తు, హోటళ్లకు కౌలుకిచ్చినది. అలతాకిడి దాటని యిసుక ప్రజలందఱిదని యచటి న్యాయము. అయినను తమ తీరము తమకు దక్కనీయుడని ద్వీపవాసులే ఆందోళనలు చేయవలసి వచ్చినది. నైరుతి మూలనున్న ల మోర్న్ కొండ, పారిపోయిన బానిసలు తలదాచుకొన్న కొండ, 2008లో ప్రపంచ వారసత్వస్థల మయ్యెను. దాని పాదముననే నేడు విలాసపు హోటళ్లు. మన కుటుంబములు ఆ కొండ ముందు నిలిచి ఫొటో తీసికొనుచున్నవి. అది యే కొండయో యెఱుగకున్నవి.

ఆ సముద్రపు అందము సైతము ఊరక నిలిచినది కాదు. 2020 జూలైలో ‘వకాషియో’ అను జపానుదేశపు ఓడ ఆగ్నేయతీరమున పగడపు దిబ్బపై నెక్కి, ఆగస్టులో దాదాపు వేయి టన్నుల నూనెను నీటిలోనికి విడిచినది. అప్పుడు వేలకొలది ద్వీపవాసులు తమంతట తాము వచ్చి, ఎండిన చెరకాకును గుడ్డసంచులలో కుక్కి తెప్పలు కుట్టి నూనెను అడ్డగించిరి. ఏ చెరకు వారి పెద్దల రక్తము త్రాగినదో ఆ చెరకాకుతోనే తమ సముద్రమును రక్షించుకొనిరి. మన పిల్లలు ఈదుచున్న నీటికి కాపరులు వీరు.

దీనికి మూడు సమాధానములు చెప్పువారు కలరు. “విశ్రాంతికై పోయినచోట ఈ దుఃఖపు కథ లేల?” యందురు. ఏడుదినముల యాత్రలో నొక పూట ఘాట్‌కు పోయినంతమాత్రమున విశ్రాంతి చెడదు. తాతతండ్రుల కష్టము విన్న బిడ్డ కృశింపడు; నిటారుగా నిలుచును. “పోయినవారు ఎవరో కూలీలు, మా వంశమువారు కారు” అందురు రెండవవారు. ఈ మాటలో నున్న గర్వమే మన జాతికి పట్టిన చీడ. ఏ గ్రామము నుండి పోయినవారైనను వారు మన భాషవారు, మన నేలవారు. వారిని మన మన్నము పెట్టి నిలుపుకొనలేకపోయితిమి. “మేము పోవుటవలన వారికి డబ్బు వచ్చుచున్నది కదా” అందురు మూడవవారు. వచ్చుచున్నది, ఆ దేశమునకు పర్యాటకులు కావలసినవారే. కాని ధనమిచ్చితిమి గనుక తెలిసికొననక్కరలేదనుట దొరల వాదము. ఆ తోటదొరలును జీతమిచ్చితి మనియే చెప్పుకొనిరి.

ఇంకొక హెచ్చరికయు చేయవలసియున్నది. ఆ ద్వీపమును మన జాగీరుగా తలపోయు మూర్ఖత కూడదు. 1901లో మహాత్ముడు దక్షిణాఫ్రికా నుండి తిరిగివచ్చుచు అచట దిగినపుడు భారతీయులకు చెప్పినది, బిడ్డలకు చదువు చెప్పించుడనియు ఆ దేశపు రాజకీయములలో పాలుపుచ్చుకొనుడనియు. వారట్లే చేసిరి. 1968 మార్చి 12న, దండియాత్ర ఆరంభమైన దినము ననుసరించి, స్వాతంత్ర్యము పొందిరి. వారు మారిషస్ పౌరులు; బానిసల సంతతియు, చీనావారును, తెల్లవారును వారితోడి పౌరులు. మనము పోవలసినది పెత్తనమునకు కాదు, దర్శనమునకు.

కావున మేము కోరునది స్వల్పము. ఆ ద్వీపమునకు పోవు ప్రతి తెలుగు కుటుంబమును ఒక పూట ఆప్రవాసీ ఘాట్‌కు పోవలెను. ఆ మెట్లపై బిడ్డను నిలువబెట్టి కోరంగి కథ చెప్పవలెను. యాత్రలు నడపువారు తమ పట్టికలో దుకాణములతోపాటు ఆ ఘాట్‌ను చేర్చవలెను. చేర్చనివారిని కుటుంబములు నిలదీయవలెను. రెండు తెలుగు రాష్ట్రముల పాఠ్యపుస్తకములలో కూలివలసల చరిత్రకు తగిన చోటీయవలెను. ప్రయాణమునకు ముందు బిడ్డకు క్రొత్త బట్టలు కుట్టించు తల్లిదండ్రులు నాలుగు తెలుగు వాక్యములు చదువ నేర్పి తీసికొనిపోవలెను. అచటి పిల్లలు తెలుగులో పలుకరించినపుడు మనబిడ్డ నోరు తెఱచి చూచుచుండరాదు.

విమానపు టిక్కెట్టుకై లక్షలు వెచ్చించు మనకు ఇవి భారములా? ఓడ టిక్కెట్టుకు వెలగా తన బ్రతుకులో అయిదేండ్లు వ్రాసియిచ్చిన కూలివానికి, ఒక పూట మన మియ్యలేమా? ఆంధ్రులారా, ఇయ్యలేకున్న ఆ సముద్రమున మనము స్నానము చేసివచ్చితి మనవచ్చును గాని, మారిషస్ చూచివచ్చితి మనరాదు.