బొమ్మ చూసి విత్తనం కొనవద్దు

నేటి విద్యార్థి ముందు దారులకు కొదవ లేదు. ఏ దారి ఎక్కడికి పోతుందో చెప్పేవాళ్ళకే కొదవ. పరీక్షలు దగ్గర పడేసరికి కాలేజీ గేటు దగ్గర కరపత్రాలు పంచేవాళ్ళు ప్రత్యక్షమవుతారు. బ్యాంకు కోచింగు, గ్రూప్స్ కోచింగు, విదేశీ చదువులు - ఇవన్నీ మనకు పాత చుట్టాలే. ఈ మధ్య వాటి సరసన ఇంకొకటి చేరింది. దాని పేరు "గేమ్ ఆర్ట్ అండ్ డిజైన్". కత్తి పట్టిన వీరుడి బొమ్మ, వెనక మండుతున్న కోట, కింద "నూటికి నూరు శాతం ఉద్యోగం" అన్న హామీ! నోటుపుస్తకాల చివరి పేజీలన్నీ బొమ్మలతో నింపే నాబోటి వాళ్ళు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంటారు. బి.ఎస్సీ. అయ్యాక ఆ చదువే చదవాలని నాకు కోరిక. "అరెకరం తీసేసైనా చదివిస్తాలేరా" అంటాడు నాన్న. ఆ అరెకరం మాట విన్నప్పటి నుంచీ ఈ చదువుల సంగతి కాస్త లోతుగా తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నది మిత్రులతో పంచుకోవడానికే ఈ వ్యాసం.

మొదట ఒక అపోహ తీసేయాలి. వీడియో గేము అనగానే "పిల్లలు చెడిపోయే యవ్వారం" అని పెద్దలు కొట్టిపారేస్తారు. ఆడటం వేరు, తయారు చేయడం వేరు. గేములో కనిపించే ప్రతి చెట్టూ, ప్రతి గోడా, ఆ గోడ మీది పాచీ ఎవరో ఒకరు కూర్చుని తయారు చేసినవే. ముందు ఊహాచిత్రం గీస్తారు. తర్వాత కంప్యూటరులో చిన్న చిన్న త్రికోణాలు అతికినట్టుగా దానికి రూపం కడతారు. ఆ రూపానికి రంగూ, గరుకుదనం తొడుగుతారు. మనిషో జంతువో అయితే లోపల ఎముకల గూడు పెట్టి కీళ్ళ దగ్గర కదిలిస్తారు. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారులు భుజం దగ్గరా మోచేతి దగ్గరా ముడి వేసి బొమ్మను ఆడించడంలో ఉన్న కిటుకే ఇదీను.

ఇందులో సైన్సు కూడా ఉంది. యానిమేషన్ సినిమాలో ఒక్క చిత్రానికి కంప్యూటరు గంటల తరబడి టైము తీసుకున్నా ప్రేక్షకుడికి తెలియదు. గేములో అలా కుదరదు. సెకనుకు 60 చిత్రాలు చూపించాలంటే ఒక్కో చిత్రానికి దక్కేది సుమారు 16 మిల్లీసెకన్లు. అంచేత గేము చిత్రకారుడు తక్కువ త్రికోణాలతో ఎక్కువ అందం సాధించాలి. ఇక "డిజైన్" అనేది మరో విద్య. ఆట నియమాలేమిటి, ఎక్కడ కష్టం పెట్టాలి, ఎక్కడ ఊపిరి తీసుకోనివ్వాలి అని ఆలోచించేది అది. ఈ రెండు విద్యలనూ ఒకే పేరు కింద అమ్మేవాళ్ళను "మీరు నేర్పేది ఏది?" అని మొదటే అడగాలి.

అసలు విషయానికి వస్తాను. ఈ కరపత్రాల జబ్బు మన దేశానికే పరిమితం కాదు. దూరపు కొండలు నునుపు. అమెరికాలో "ది ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్స్" అని కాలేజీల గొలుసు ఒకటి ఉండేది. సరిగ్గా ఇదే "గేమ్ ఆర్ట్ అండ్ డిజైన్" పేరుతో అక్కడ డిగ్రీ ఇచ్చేవారు. తమ పట్టభద్రుల్లో 80 శాతానికి పైగా ఆరు నెలల్లోనే చదివిన రంగంలో ఉద్యోగాలు సంపాదిస్తున్నారని ప్రకటించుకున్నారు. ప్రభుత్వ విద్యాశాఖ లెక్కలు తిరగేస్తే ఆ అంకె మహా అయితే 57 శాతం దగ్గర ఆగింది. ఫ్లోరిడాలోని ఒక శాఖ అయితే టెన్నిస్ తార సెరెనా విలియమ్స్ సంపాదనను కూడా కలిపి జీతాల లెక్క పెంచి చూపించింది! ఒక్క పెద్ద అంకె పడితే సగటు ఎలా తలకిందులవుతుందో స్టాటిస్టిక్స్ చదివే మిత్రులకు వేరే చెప్పనక్కరలేదు.

2023 సెప్టెంబరు ఆఖరున ఆ గొలుసులో మిగిలిన ఎనిమిది శాఖలూ ఒక్కసారిగా మూతపడ్డాయి. 2004 నుంచి 2017 దాకా అక్కడ చేరినవాళ్ళలో 3 లక్షల 17 వేల మందికి 610 కోట్ల డాలర్ల చదువు అప్పు రద్దు చేస్తున్నట్టు 2024 మే 1న ఆ దేశ ప్రభుత్వం ప్రకటించింది. అప్పు రద్దయింది సరే, గడిచిపోయిన ఏళ్ళ మాటేమిటి? మనకైతే ఆ రద్దు కూడా ఎవరు చేస్తారు?

మా నాన్న విత్తనాలు కొనే పద్ధతి ఇక్కడ చెప్పాలి. మాది పత్తి, మిరప వేసే ఊరు. విత్తనాల ప్యాకెట్టు మీద పత్తికాయ ఎప్పుడూ తెల్లగా పగిలి నవ్వుతూనే ఉంటుంది. నాన్న ఆ బొమ్మ వంక చూడడు. పోయిన ఏడు ఆ విత్తనం ఎవరు వేశారో వాకబు చేసి వాళ్ళ చేలోకి వెళతాడు. గట్టు మీద నిలబడి నాలుగు చెట్లు చూసి రాడు, చేను నడిమధ్యకు పోయి చూస్తాడు. ఎకరాకు ఎన్ని క్వింటాళ్ళు వచ్చింది, మందులెన్నిసార్లు కొట్టారు, అన్నీ అడుగుతాడు. కొన్నాక బిల్లు దాచిపెడతాడు. డిగ్రీ చదివిన మనం ఆ మాత్రం వాకబు చేయకుండా లక్షలు కట్టడం న్యాయమా?

ఏ స్కూలుకు వెళ్ళినా మొదటి బహుమతి వచ్చినవాడి పనే గోడకు తగిలించి చూపిస్తారు. అది గట్టు మీది చెట్టు. పోయిన బ్యాచిలో మధ్యస్థంగా ఉన్న విద్యార్థి చేసిన పని చూపించమనాలి. మా వైపు కుర్రవాడొకడు నగరంలో ఒక సంస్థలో ఏడాది చదివి వచ్చాడు. చూపించడానికి అతని దగ్గర ఒక పీపా, ఒక కత్తి, ఒక పెట్టె బొమ్మలు ఉన్నాయి. అతని బ్యాచి వాళ్ళందరి దగ్గరా అవే పీపా, అవే కత్తి, అవే పెట్టె! పాఠంలో మాస్టారు చేసినదాన్ని అందరూ దించేశారు. ఏ మీట ఎక్కడ నొక్కాలో నేర్చుకున్నారు గాని చూడటం నేర్చుకోలేదు. ఉద్యోగం ఇచ్చేవాడు సర్టిఫికెట్టు కంటే ముందు బొమ్మలు అడుగుతాడు.

అందుకని ఇంకొన్ని ప్రశ్నలు వేయాలి. పాఠం చెప్పేవాళ్ళు విడుదలైన గేముకు ఎప్పుడైనా పనిచేశారా? వారానికి ఎన్ని గంటలు పెన్సిలుతో గీయిస్తారు? చేతికిచ్చేది యు.జి.సి. గుర్తింపు ఉన్న యూనివర్సిటీ డిగ్రీయా, లేక సంస్థ సొంతంగా అచ్చు వేసుకున్న కాగితమా? మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగి ఇస్తారో రాసిస్తారా?

"అసలు స్కూలెందుకోయ్, ఇంట్లోనే నేర్చుకో" అనే మేధావులూ ఉన్నారు. వారి మాటలో సగం నిజముంది. 2002లో ప్రజలపరమైన బ్లెండర్ దగ్గర నుంచి క్రీటా, గోడో దాకా పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్లు ఎన్నో ఉన్నాయి. మారియోను సృష్టించిన షిగెరు మియామోటో జపానులో చదివింది పారిశ్రామిక డిజైన్. మన బాపు గారు చదివింది లా. అయితే ఇంట్లో కూర్చుంటే దొరకనివి రెండున్నాయి. "ఈ చెయ్యి తప్పు, మళ్ళీ గియ్యి" అని దిద్దే కన్ను ఒకటి, కలిసి ఒక గేము మొదలుపెట్టి పూర్తి చేసే జట్టు ఇంకొకటి. స్కూలుకు డబ్బు కట్టేది ఈ రెండింటికే. అవి లేనిచోట ఏ.సి. గదులున్నా, ఎంత ఖరీదైన కంప్యూటర్లున్నా దండగే.

మనకు అందుబాటులో మంచి దారులు లేకపోలేదు. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ బి.ఎఫ్.ఎ.లో యానిమేషన్ ఉంది. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వారి బెంగుళూరు ప్రాంగణంలో డిజిటల్ గేమ్ డిజైన్ పి.జి. కోర్సు ఉంది. బొంబాయి ఐ.ఐ.టి.లో యానిమేషన్ పి.జి. ఉంది. దానికి రాసే పరీక్ష పేరు "సీడ్" - విత్తనం అనుకునేరు! ఇంటరు తర్వాత మూడేళ్ళ డిగ్రీ ఏది చదివినా, ఆఖరి సంవత్సరంలో ఉన్నా ఈ పరీక్ష రాయవచ్చు. వయసు అడ్డం లేదు. ఇంటరు చదివే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ "యూసీడ్" ఉంది. ఏ గ్రూపు వాళ్ళయినా రాయవచ్చు గాని, వరసగా రెండేళ్ళే అవకాశం.

ఇంత చేసినా ఉద్యోగం గ్యారంటీ అని ఎవరన్నా నమ్మవద్దు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేముల విభాగంలో 1900 మందిని తొలగించింది. అంతటి కంపెనీయే ఇవ్వలేని గ్యారంటీ కరపత్రం వాడు ఎలా ఇస్తాడు? అలాగని నిరాశ పడనక్కరలేదు. పుణెలో ఒక చిన్న బృందం మన దేశపు పురాణ వాతావరణంతో చేసిన "రాజీ" అనే గేము 2020లో విడుదలై ప్రపంచమంతా ఆడింది. చేయగలవాళ్ళకు చోటుంది.

చివరగా మన యూనియన్ వారికి ఒక మనవి. యూనియన్ ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టండి. ఇక్కడ చదివి వెళ్ళిన అన్నలూ అక్కలూ ఏ సంస్థలో చేరారు, ఎంత కట్టారు, ఏం నేర్చుకున్నారు, తర్వాత ఏం పని దొరికింది అన్నది వాళ్ళ చేతనే రాయించండి. లెక్చరర్లు ఏడాదికోసారి దాన్ని సరిచూస్తే మరీ మంచిది. గేము చదువులకే కాదు, అన్ని చదువులకూ అది పనికొస్తుంది. ఖర్చు ఒక్క నోటుపుస్తకం. ఏ ఊళ్ళోనో ఒక నాన్న అరెకరం మిగిలితే అంతకంటే ఏం కావాలి?