కాపరి మాట: బయోడేటాలో దాచిన రెండేండ్లు



ఆళ్లగడ్డ దగ్గరి పల్లె నుండి మన సంఘపు తమ్ముడొకడు మొన్న నంద్యాలలో నన్ను కలిశాడు. బీఎస్సీ, బీఈడీ చదివి, ఆరేండ్లు ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పాడు. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడి జీతం ఆగిపోయింది. తరువాత మరొక బడిలో చేరాడు గాని, ఆ జీతంతో ఇద్దరు పిల్లలను సాకలేక ఇప్పుడు విత్తనాల కంపెనీలో పొలాల పర్యవేక్షణ పనికి పోవాలని చూస్తున్నాడు.

జిరాక్సు షాపులో టైపు చేయించిన బయోడేటా చూపించాడు. ఆ షాపులవారు ముందు వచ్చినవారి ఫైలు తెరిచి పేరు మారుస్తారు కాబోలు! అభిరుచుల క్రింద ఈత అని ఉంది. వానికి ఈత రాదు. 2020 నుండి 2022 వరకు మాత్రం ఏమీ లేదు.

"అయ్యగారూ, ఆ రెండేండ్లు మన సంఘ కార్యాలయంలో గుమాస్తాగా చేసినానని ఒక కాగితం రాసియ్యండి" అన్నాడు.

నా గుండె ఝల్లుమంది. చాలా ఏండ్ల క్రితం జాలిపడి అలాంటి కాగితం మీదనే సంతకం చేశాను. రెండు నెలల పనిని రెండేండ్లని రాశాను. ఆ కార్యాలయంవారు నాకు ఫోను చేసి అడిగితే తడబడ్డాను. ఉద్యోగం పోయింది ఆ అబ్బాయికి, నాకు కాదు.

"నిజంగా ఏం చేశావు నాయనా?" అని అడిగాను.

తల వంచుకొని, "కూలికి పోయినానయ్యగారూ, పత్తి క్రాసింగుకు. బీఈడీ చదివినోడు కూలికి పోయినాడని ఎట్లా రాసుకునేది?" అన్నాడు.

పత్తి విత్తనం పండించే మన పల్లెలకు ఈ పని తెలియనిది కాదు. సాయంత్రం, మరునాడు విచ్చుకొనే మొగ్గలను ఆడ వరుసల్లో ఎంచి కేసరాలు తీసివేయాలి. ఉదయం మగ వరుసల పూల పుప్పొడిని వాటికి అంటించాలి. కేసరాలు మిగిలితే విత్తనం కల్తీ అవుతుంది. ఇరవైమంది గుంపులో హాజరు పట్టీ రాసింది కూడా ఇతడేనట! విత్తనాల కంపెనీకి కావలసినదే దాచిపెట్టి, అక్కరలేని ఈతను చూపిస్తున్నాడు.

మొదటి సమూయేలు 17వ అధ్యాయంలో దావీదు సౌలు ఎదుట నిలిచినప్పుడు యుద్ధానుభవం ఉందని చెప్పుకోలేదు. గొర్రెలు కాచానన్నాడు. సింహాన్ని, ఎలుగుబంటిని చంపిన సంగతి చెప్పాడు. పాత పనిలో నుండే క్రొత్త పనికి సాక్ష్యం తీశాడు.

ఆ సాయంత్రమే క్రొత్త కాగితం రాశాము, ఒక్క పేజీ. పైన పేరు, ఊరు, ఫోను నంబరు. కులం, ఆధార్ నంబరు తీసివేశాము. వాటితో మొదటి కాగితానికి పనిలేదు. వెంటనే విత్తన క్షేత్రపు అనుభవం, దాని క్రింద బోధన, చివర చదువు. సంవత్సరాలన్నీ ఉన్నవి ఉన్నట్లే.

జతపరచే ఉత్తరాన్ని ముందు తెలుగులో రాయమన్నాను. మన మనస్సులోనిది మన భాషలో తేటపడిన తరువాత ఇంగ్లీషులో పెట్టుకోవచ్చు. వాడు ఇలా రాశాడు: "మీ కంపెనీలో పొలాల పర్యవేక్షకుని పనికి దరఖాస్తు చేస్తున్నాను. బడులు మూతపడిన తరువాత రెండేండ్లు పత్తి క్రాసింగులో కూలిగా పనిచేసి, ఇరవైమంది హాజరు చూశాను. ఉపాధ్యాయునిగా లెక్కలు తప్పు లేకుండా రాయడం, పని నేర్పడం అలవాటు. పొలం పని తెలిసినవాణ్ణి కాబట్టి ఈ వైపుకు మారదలచాను." అంతే. తన కష్టాలు, పిల్లల ఫీజులు అందులో లేవు. అవి దేవునికి చెప్పుకోవలసినవి.

నేనూ ఒక కాగితం ఇచ్చాను. ఫిలేమోనుకు రాసిన పత్రికలో పౌలు ఒనేసిము పక్షంగా మాట్లాడుతూనే, అతడు మునుపు పనికిరానివాడుగా ఉన్న సంగతిని దాచలేదు. నేను కూడా ఇతణ్ణి ఎన్నేండ్లుగా ఎరుగుదునో, సంఘంలో కానుకల లెక్క ఎలా చూశాడో రాశాను. గుమాస్తా అని రాయలేదు.

గత వారం ఇంటర్వ్యూకు పిలిచారు. ఎక్కువసేపు క్రాసింగు గురించే అడిగారట. జవాబు ఇంకా రాలేదు. వాని నిమిత్తము ప్రార్థించండి.