బిడ్డను మోయుడి, తల్లిని నిందింపకుడి



మన సంఘములలో ఒక చెడ్డ అలవాటు వేరూనియున్నది. రెండేండ్లు దాటినను నడువని, మూడేండ్లు వచ్చినను మాటలు రాని బిడ్డను చంకనెత్తుకొని ఒక తల్లి ఆరాధనకు రాగానే గుసగుసలు బయలుదేరును. "కడుపుతో ఉన్నప్పుడు ఏం తప్పు చేసిందో" అని యొకరందురు. "దశమభాగం ఎగ్గొడితే ఇట్లనే అయితది" అని మరియొకరందురు. "నీ విశ్వాసం చాలలేదమ్మా" అని ముఖముమీదనే చెప్పువారును కలరు. ఈ మాటలు భక్తివలె వినబడును గాని, ఇవి వట్టి క్రూరత్వము.

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ఈ ప్రశ్ననే వేసిరి: పాపము వీనిదా, కన్నవారిదా? ఇద్దరిదియు కాదని ప్రభువు తేల్చిచెప్పెను. ఆయన కొట్టివేసిన ప్రశ్నను మనము ఆదివారము వెంబడి ఆదివారము ఆ తల్లిని అడుగుచున్నాము.

నల్లగొండ జిల్లావారికి ఈ సంగతి మరి స్పష్టముగా తెలియవలెను. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఎందరికో పండ్లు గారపట్టెను, ఎముకలు వంగిపోయెను. కారణము భూగర్భజలములోని ఫ్లోరైడు. పటిక, సున్నము కలిపి ఆ ఫ్లోరైడును తగ్గించు విధానమునకు మన జిల్లా పేరే పెట్టి "నల్లగొండ పద్ధతి" అనిరి. వంగిన వెన్నును చూచినప్పుడు నీటిని పరీక్షింపుమందుము. ఎదుగుదల మందగించిన పసిబిడ్డను చూచినప్పుడు మాత్రము తల్లిని పరీక్షింతుమేల?

ఇట్టి బిడ్డల విషయములోను కారణములున్నవి. కాన్పు కష్టమై బిడ్డకు ఊపిరి అందకపోవుట, నెలలు నిండక పుట్టుట, పురిటి కామెర్లు ముదురుట, థైరాయిడు లోపము, మెదడువాపు, ఒక క్రోమోజోము ఎక్కువగుటచే కలుగు డౌన్ సిండ్రోము — ఇవి వానిలో కొన్ని. మేనరికపు పెండ్లిండ్లలో కొన్ని జబ్బులు బిడ్డలకు వచ్చు అవకాశము హెచ్చు. కొందరి విషయములో వైద్యులకును కారణము దొరకదు. కారణము దొరకలేదనుట వేరు, పాపమే కారణమనుట వేరు.

రెండవ కీడు, ఊరకే ఎదురుచూచుట. "మగపిల్లలు ఆలస్యంగనే మాట్లాడుతరు, మా బావమరిదికి అయిదేండ్లకు మాటలొచ్చినయి" అని ఇంటి పెద్దలు ఓదార్చుదురు. ఆ ఓదార్పు బిడ్డకు ఆహారము కాదు. తొమ్మిది నెలలకు ఆనుకొనక కూర్చుండని బిడ్డను, పదునెనిమిది నెలలకు నడువని బిడ్డను, రెండేండ్లకు రెండు మాటలు కలిపి పలుకని బిడ్డను వైద్యునికి చూపవలసినదే. వినికిడి లేనందున మాటలు రాని బిడ్డను బుద్ధి తక్కువవాడనుకొని మూల కూర్చుండబెట్టుట ఎంత అన్యాయము! పుట్టుకతోనే థైరాయిడు లోపమున్న శిశువునకు మొదటి వారములలోనే మాత్ర మొదలుపెట్టినయెడల బుద్ధి చాలవరకు నిలుచును. ఆలస్యముచే కలిగిన నష్టము పూర్తిగా తీరదు.

"ప్రార్థించి కనిపెట్టుచున్నాము" అందురా? మృగశిర కార్తెలో వాన పడినప్పుడు పాలమూరు రైతు ప్రార్థించి, లేచి, నాగలి కట్టును. అదనులో దున్నుట అవిశ్వాసమని అతనితో ఎవరును అనరు. మెదడు త్వరగా పెరుగు మొదటి మూడేండ్లు బిడ్డకు అట్టి అదను. అది దాటినను మానవలదు. ఎప్పుడు మొదలుపెట్టినను కొంత మేలే.

మూడవ కీడు అన్నిటికంటె భయంకరమైనది. ఇట్టి తల్లులను స్వస్థత కూటములవెంట త్రిప్పి, కానుకలు పట్టి, మందులు మానిపించు బోధకులున్నారు. మూర్ఛ మాత్రలను ఒక్కసారిగా మానిపించుట బిడ్డ ప్రాణమునకే ముప్పు. బాగుపడనప్పుడు ఆ బోధకుడు తల్లి విశ్వాసముమీద నేరము మోపి తాను తప్పించుకొనును. ఇది కాపరి పని కాదు.

పక్షవాయువుగల వానిని మోసికొని వచ్చిన నలుగురిని తలంచుకొనుడి. వారు అతని పాపములను లెక్కింపలేదు. మంచము మోసిరి, దారి లేకపోగా కప్పు విప్పిరి. నేడు దారి ఉన్నది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీ పిల్లలను ఏటికి రెండుమారులు పరీక్షింపవలెను, ఎదుగుదల మందగించినవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపవలెను. కాళ్లు చేతులు కదలించుట, మాట నేర్పుట అట్టి కేంద్రముల పని. ఇంటియొద్ద చేయవలసినది తల్లికిని నేర్పుదురు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఇట్టివారికొరకే 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ యున్నది. 2016నాటి చట్టము ప్రకారము, నూటికి నలుబది పాళ్లకు తక్కువ కాని వైకల్యమున్నట్లు ధ్రువపత్రము పొందిన బిడ్డకు ఆరు మొదలు పదునెనిమిది ఏండ్లవరకు ఉచిత విద్య హక్కు.

అయితే నెలకు పలుమార్లు బస్సెక్కుటకు కూలి మానుకొనవలెను, చార్జీలు కావలెను. సంఘమా, నీ పని ఇక్కడనే యున్నది. స్త్రీల సమాజము ఒక దినపు కూలి ఇచ్చునా? ఒక యౌవనుడు కేంద్రమువరకు తోడు పోవునా? సండే స్కూలులో ఆ బిడ్డకు చాప వేయుదురా? "పిచ్చోడు" అనక పేరుపెట్టి పిలుతురా?

తండ్రులారా, మీతోను ఒక మాట. బిడ్డ ఇద్దరిది. భార్యను పుట్టింటికి పంపి, రెండవ పెండ్లి తలపెట్టువాడు ఆరాధనలో ముందు వరుసన కూర్చుండ తగడు.

ఇట్టి బిడ్డలందరు మనతో సమానముగా నడతురని, మాటలాడుదురని నేను చెప్పుట లేదు. కొందరు నడువకపోవచ్చును, కొందరు ఎన్నటికిని "అమ్మా" అనకపోవచ్చును. అయినను వారు దేవుని స్వరూపమందు చేయబడినవారే, మన సంఘ సభ్యుల బిడ్డలే. కాబట్టి ఈ వారమే ఆ తల్లి యింటికి వెళ్లుడి. ప్రశ్నలు అడుగకుడి. "ఆసుపత్రికి ఏ దినమున పోదమమ్మా?" అని మాత్రము అడుగుడి.