గేటు ఎత్తిందెవరు?

వాతావరణ మార్పు తెచ్చే కొట్లాటల గురించి రాయడానికి అల్లాదుర్గ్ విలేకరి సూడాన్ దాకా పోనక్కర్లేదు. పక్కనే మంజీర ఉంది. దాని మీద కట్టిన, దాదాపు 30 టీఎంసీలు పట్టే సింగూరు జలాశయం 2016 వేసవికి అడుగంటింది. హైదరాబాద్ తాగునీళ్లు, ఘనపూర్ ఆయకట్టు, దిగువన నిజాంసాగర్, అందరి ఆశా ఆ నీళ్ల మీదే. నీళ్ల గొడవను 'కరువు పుణ్యం' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే (మా డెస్కుకూ ఉన్న జబ్బే ఇది) గేటు ఎత్తినవాళ్లూ, ఎత్తనివాళ్లూ హాయిగా తప్పించుకుంటారు. వాన లెక్కతో పాటు నీటి విడుదల ఉత్తర్వు కూడా చూడాలి. ఉదాహరణకు, నీటి విడుదల గొడవలో 2023 నవంబరు 30న నాగార్జునసాగర్‌పై రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురుపడ్డారు. ఆ ఏడు కృష్ణకు వరద తక్కువే. అది తెలంగాణలో పోలింగు రోజు కూడా. రెండూ రాయాల్సినవే. కాలువ చివరి రైతును అడగకుండా ఇంజినీరు మాటతో సరిపెట్టిన వార్త మాత్రం మాకు పంపొద్దు.