గొంతుకు పేరొచ్చింది.. బీటు కట్టినోళ్ల సంగతేంది?

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట. ఆంధ్రా సరిహద్దు, చుట్టూ ఆయిల్‌పామ్ తోటలు, పామాయిల్ ఫ్యాక్టరీ. హిప్‌హాప్ అనగానే గుర్తొచ్చే ఊరేం కాదు. అయితే ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్ ఉంటే చాలు, బీటు ఏ ఊళ్లోనైనా తయారవుతుంది. అది ఎవరి పేరు మీద బయటికి పోతుంది, దాని పైసలు ఎవరి ఖాతాలో పడతాయి అన్నదే ఇప్పుడు అసలు ప్రశ్న.

2024 జులైలో వచ్చిన ‘బిగ్ డాగ్స్’ పాట అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో 23వ స్థానం దాకా వెళ్లింది. పాడింది కేరళ మూలాలున్న ర్యాపర్ హనుమాన్‌కైండ్. సంగీతం కల్మి. పాట ఎక్కడ కనిపించినా ర్యాపర్ పక్కనే ప్రొడ్యూసర్ పేరు కూడా ఉంది. 2025లో చెండ మోతతో వచ్చిన ‘రన్ ఇట్ అప్’ కూడా ఈ జోడీదే.

అందరికీ ఈ ఇజ్జత్ దక్కదు. ‘మియా భాయ్’ అనగానే హైదరాబాద్ పిల్లలు రుహాన్ అర్షద్ పేరు టక్కున చెప్తరు. దానికి మ్యూజిక్ ఇచ్చిన ఆదిల్ బఖ్తావర్ పేరు అడిగితే చాలామంది తడుముకుంటరు. సినిమా బయట పనిచేసే ప్రొడ్యూసర్లకు ఇది మామూలే. దోస్తానాలో ఫైలు పంపుతరు, మాట మీద రెండు మూడు వేలు తీసుకుంటరు. పాట హిట్టయ్యాక అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

నిజానికి చట్టం వీళ్ల వైపే ఉంది. కాపీరైట్ చట్టం ప్రకారం స్వరలిపి రాయకపోయినా సంగీతం కూర్చినవారు స్వరకర్తే. సంతకం పెట్టిన రాతపత్రం లేకుండా హక్కులు వేరొకరికి బదిలీ కావు. పత్రంలో గడువు రాయకుంటే 5 ఏళ్లుగానే లెక్క. 2012 సవరణ తర్వాత, హక్కులు రాసిచ్చినా రాయల్టీలో సమాన వాటా అడిగే హక్కు స్వరకర్తకు మిగిలే ఉంటుంది. జీతానికి చేసిన పని వేరు. అక్కడ ఒప్పందంలో మరోలా రాసుకోకుంటే హక్కు యజమానిదే.

ఈ లెక్క అశ్వారావుపేట రైతుకు కొత్తేం కాదు. ఫ్యాక్టరీలో వచ్చే నూనె శాతాన్ని బట్టే గెలల ధర. అందుకే ఆ శాతం ఎంతని రైతు గట్టిగా అడుగుతడు. బీటు కట్టే పిల్లగాడు కూడా తన పాట నుంచి ఎంత ‘నూనె’ వచ్చిందో అడగాలె.

అయితే హక్కు అడిగేవాళ్ల మీద ఓ బాధ్యత కూడా ఉంది. మణుగూరు ప్రాంతానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఆ డోలు మోత రేపు ఏ బీటులోనైనా శాంపిల్‌గా వినిపించొచ్చు. వాయించినవాళ్లను అడగకుండా, పేరు వేయకుండా, వాటా ఇవ్వకుండా వాడుకుంటే, కంపెనీలు ప్రొడ్యూసర్‌కు చేస్తున్న అన్యాయాన్నే ప్రొడ్యూసర్ గూడేనికి చేసినట్టవుతుంది.

ఉస్తాద్ పేరు చెప్పకుండా పాట మొదలుపెట్టని సంప్రదాయం దక్కన్‌ది. బీటు ఫైలు పంపే ముందే పేరు, వాటా, గడువు ఒక కాగితం మీద రాసుకుంటే ఆ సంప్రదాయం ల్యాప్‌టాప్ కాలంలో కూడా బతుకుతుంది. లేకుంటే పాట లోకమంతా తిరుగుతది, కట్టినోడు మాత్రం ఊళ్లోనే అనామకుడిగా మిగులుతడు.