కొయ్య మారింది, శ్రుతి మారింది

మా ఇంట్లో పిల్లలు వాయించే యుకులేలీ ఒకటి ఉంది. హొనొలులూలో కమాకా వాళ్ళు చేసిన పాత సొప్రానో. మూరెడు కంటే కాస్త పొడవు, నాలుగు తీగలు, అంతే. దాని పుట్టుక తెలుసుకున్నాక, మన పిల్లల తెలుగు తరగతి మీద నడుస్తున్న వాదనలో మేము ఏ పక్కో చెప్పాలనిపించింది.

1879 ఆగస్టులో రేవెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి జనాన్ని హొనొలులూకు తెచ్చింది. చెరకు తోటల్లో కూలికని వచ్చినవాళ్ళు. అందులో మాన్యుయెల్ నునెస్, అగస్టో డియాస్, జోసే దో ఎస్పిరితో సాంతో అని ముగ్గురు వడ్రంగులున్నారు. ఒప్పందం తీరాక పట్నంలో అంగళ్ళు పెట్టి, తమ ఊరి మషేట్ అనే చిన్న వాద్యం చేయడం మొదలుపెట్టారు. అయితే మదీరా కొయ్య అక్కడేది? హవాయి కోవా చెట్టు ఉండాది కదా, దాన్నే కోశారు. శ్రుతి కూడా మారింది. కలాకౌవా రాజు దాన్ని కొలువులోకే తెచ్చుకున్నాడు. యుకులేలీ అంటే ఎగిరే పురుగు అంటారు చాలామంది. లిలియువోకలానీ రాణి మాత్రం ఇక్కడికి వచ్చిన కానుక అని అర్థం చెప్పిందట. మాకు రాణిగారి మాటే నచ్చింది.

నునెస్ దగ్గర పని నేర్చుకున్న హవాయి మనిషి శామ్యూల్ కమాకా. 1916లో సొంతంగా మొదలుపెట్టాడు. అనాసపండు ఆకారంలో గుండ్రంగా చేసిన యుకులేలీకి 1928లో పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఆయన పోయాక కొడుకులు నడిపారు, ఇప్పటికీ ఆ కుటుంబమే చేస్తోంది.

దీన్ని ఎవరూ చెడిపోయిన మషేట్ అనరు. మరి హోసూరు పక్క మనం జాస్తి, ఉండాది అంటే మాత్రం పెళ్ళిళ్ళలో గుంటూరు వాళ్ళు నవ్వుతారు. నవ్వనీండి, అది వేరే సంగతి. ఇప్పుడు మనవాళ్ళే కొందరు, తరగతిలో ఇంటి మాటలు కొట్టేసి పుస్తకం మాటలే రాయించాలంటున్నారు. అది మాకు సమ్మతం కాదు. అక్షరాలు నేర్పండి, పుస్తకాలు చదివించండి, ఎవరు వద్దన్నారు? అవ్వ నోటి మాటకు ఎర్ర సిరా గీత పెట్టిన రోజున ఆ పిల్ల అవ్వతో అరవంలోనే మాట్లాడుతుంది. అరవం మంచి భాషే, కానీ అవ్వకు మిగిలేదేమిటి?

మారితే చాలు, అన్నీ బతుకుతాయనీ మేము అనడం లేదు. నునెస్ తన పని తన మనుషులకే దాచుకొని ఉంటే కమాకా లేడు. అందుకే రెండో కోరిక: పక్కింటి కన్నడ, తమిళ పిల్లలు వస్తామంటే చాపలో చోటివ్వండి. తంజావూరులో రఘునాథ నాయకుని కాలం నాటి వీణను తమిళ దేశం ఇన్నేళ్ళు తనదిగా మోసింది, మనం అందులో పోగొట్టుకున్నదేమీ లేదు.

తరగతి ఈ ఆదివారం పది గంటలకు. పెద్దవాళ్ళు కూడా రండి, ఇంటి మాటలు పలకలకెక్కించడానికి మనుషులు కావాలి.